అజినొమోటో వేసినా ఆ రుచి ఎందుకు రాదు

చిరంజీవి అబ్బాయికి పెదనాన్న ఆశీస్సులు.

అర చెంచా అజినొమోటో వేసినా చైనా కూరకి హోటల్ రుచి రావట్లేదన్నావు. ఇంకో అర చెంచా వేసినా రాదురా. నోట్లో ఒక చప్పటి జిడ్డుదనం మిగులుతుందంతే. చైనాలోని షాంఘైలో వూ యున్‌చూ అనే ఆయన ఇలాంటి పొడి తయారుచేసే ఫ్యాక్టరీ పెట్టింది 1923లో. అంతకు ముందు నుంచీ అక్కడి వంటవాళ్లు ముదురు కోడి, చిన్‌హ్వా హ్యామ్ (ఉప్పులో ఊరబెట్టి ఎండబెట్టిన పంది తొడ మాంసం), ఎండు పుట్టగొడుగులతోనే ఆ రుచి తెచ్చేవాళ్లు.

కిటుకంతా జోడీలో ఉంది. సోయా సాస్‌లో, అజినొమోటోలో ఉండే రుచి పదార్థం గ్లుటమేట్. ఎండు షిటాకే పుట్టగొడుగుల్లో గ్వానిలేట్, మాంసంలో, ఎండుచేపల్లో ఇనోసినేట్ అనే రుచి పదార్థాలుంటాయి. గ్లుటమేట్‌కి వీటిలో ఒకటి తోడైతే రుచి రెట్టింపు దాటిపోతుంది.

షిటాకే, బాక్‌చోయ్ (చైనా ఆకుకూర) కూరతో మొదలుపెట్టు. ఆరు ఎండు షిటాకేలని అర లీటరు చన్నీళ్లలో వేసి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచు. తొందరపడి గోరువెచ్చని నీళ్లు పోశావా, ఆ వేడికి గ్వానిలేట్‌ని విరగ్గొట్టే ఎంజైము చురుకవుతుంది. తెల్లారాక కాడలు కోసెయ్. నీళ్లు మాత్రం పారబొయ్యకు, సారమంతా అందులోనే ఉంది. అడుగున ఇసుక ఉంటుంది కాబట్టి ఆఖరి రెండు చెంచాలు వదిలెయ్.

ఆ నీళ్లు ఒక గ్లాసు, పుట్టగొడుగులు, టేబుల్‌స్పూను ఆయిస్టర్ సాస్, టీస్పూను లైట్ సోయా సాస్, అర టీస్పూను పంచదార కలిపి సన్నసెగ మీద ఇరవై నిమిషాలు మగ్గించు. 300 గ్రాముల బాక్‌చోయ్‌ని మరిగే నీళ్లలో 40 సెకన్లు ముంచి తీసి పళ్లెంలో పరుచు. దించే ముందు మూకుట్లో పావు టీస్పూనుకి తక్కువగా అజినొమోటో, చన్నీళ్లలో కలిపిన టీస్పూను కార్న్‌ఫ్లోర్ వెయ్యి. చిక్కబడగానే ఆకుల మీద పొయ్యి.

ఉప్పు అన్నిటికన్నా చివర, అదీ రుచి చూశాకే. సాసులు రెండిట్లోనూ ఉప్పుంది. డార్క్ సోయా సాస్ వాడేది రంగు కోసమే, ఎక్కువైతే కూర నల్లబడి చేదెక్కుతుంది. చికెన్ పౌడర్ వాడితే అజినొమోటో మానెయ్. అందులో అదీ, ఉప్పూ ముందే ఉంటాయి. వెనిగర్ పోసే పులుపు-తీపి సాసుల్లో అజినొమోటో దండగ. చల్లటి సలాడ్‌లో అయితే చెంచాడు వేణ్ణీళ్లలో కరిగించి కలుపు, నూనెలో కరగదు.

అన్నట్టు, ఆయిస్టర్ సాస్ అంటే ఆల్చిప్ప మాంసం సారం. శాకాహారులకి వడ్డించే రోజు పుట్టగొడుగులతో చేసిన సాస్ సీసా వేరే కొనిపెట్టుకో.