డాక్టర్ సలహా: మంచంలో అత్తమ్మ, తొట్టెలో మనవడు... ఇద్దరికీ నేనే చేయాలి!

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర పల్లె. మా అత్తమ్మకు 78 ఏళ్లు. పక్షవాతంతో కుడి చెయ్యి, కాలు పడిపోయి రెండు నెలలుగా మంచంలోనే ఉంది. నడుము కింద ఎర్రగా కమిలింది. రోజూ నూనెతో మర్దన చేసి పౌడర్ చల్లుతున్నా. నీళ్లు తాగితే పొలమారుతోంది. మా బిడ్డ కాన్పుకు వచ్చింది, బాబుకు 18 రోజులు. ఏం తప్పు చేస్తున్నానో అని టెన్షన్‌గా ఉంది. – ఒక పాఠకురాలు

జవాబు: ముందు ఆ కమిలిన చోటు సంగతి చూద్దాం. వేలితో నొక్కి వదలండి. తెల్లబడి మళ్లీ ఎర్రబడితే ఇంకా చెయ్యి దాటలేదు. నొక్కినా రంగు మారకపోతే పడకపుండు మొదలైనట్టే. నల్లటి ఒంటి మీద ఎరుపు సరిగా తెలియదు, చుట్టుపక్కల కంటే వేడిగా, గట్టిగా ఉందేమో తాకి చూడండి.

అక్కడ మర్దన ఈ రోజే ఆపేయండి. బాబుకు మెల్లగా నూనె రాస్తే హాయిగానే ఉంటుంది. అత్తమ్మకు మాత్రం ఎముకకూ పరుపుకూ మధ్య చర్మం నలిగి, రక్తం అందక కమిలింది. దాన్ని రుద్దితే లోపలి కండ ఇంకా దెబ్బతింటుంది. పౌడర్ చెమటకు ముద్దకట్టి ఒరుసుకుంటుంది, అదీ వద్దు.

ఆమెకు కావాల్సింది పక్క మార్చడం. రెండు గంటలకోసారి ఒక పక్కకు, తర్వాత రెండో పక్కకు, వీపు వెనక దిండు పెట్టి ఏటవాలుగా పడుకోబెట్టండి. పిక్కల కింద ఇంకో దిండు పెడితే మడమలు పరుపుకు తగలవు. ఎయిర్ బెడ్ కొన్నా ఈ పని తప్పదు. పడిపోయిన చెయ్యి పట్టి లాగకండి, భుజం కీలు జారుతుంది. కింద పరిచిన దుప్పటిని ఇద్దరు చెరోవైపు పట్టి జరపండి, మీ నడుమూ దక్కుతుంది. చర్మం చిట్లినా, నల్లబడినా, వాసన వచ్చినా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే.

పొలమారడం చిన్న విషయం కాదు. నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. మింగడం ఎలా ఉందో ఈ వారంలోనే డాక్టరుకు చూపించండి. అప్పటిదాకా నిటారుగా కూర్చోబెట్టి, చిక్కటి జావలాంటిది అర చెంచా చొప్పున ఇవ్వండి. మెతుకులు కుడి బుగ్గలో నిలిచిపోతాయి, చూసి తీసేయండి. తిన్నాక అరగంట పడుకోనివ్వొద్దు. జ్వరం, ఆయాసం కనిపిస్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.

బాబుకు ఆరు నెలల దాకా తల్లిపాలే. తేనె, గ్రైప్ వాటర్, చివరికి నీళ్లు కూడా వద్దు. అత్తమ్మను పక్కకు తిప్పమన్నాను కదా, బాబును మాత్రం వెల్లకిలానే పడుకోబెట్టాలి. పాలు తాగడం మానేసినా, ఒళ్లు జ్వరంతో వేడెక్కినా, చల్లబడినా తెల్లారేదాకా చూడకుండా 108కు ఫోన్ చేయండి. 21వ రోజు ఆశా కార్యకర్త బాబును చూడటానికి రావాలి. ఆమెకు అత్తమ్మ నడుము కూడా చూపించండి. పథ్యం పేరుతో మీ బిడ్డకు నీళ్లు, కూరలు తగ్గించకండి. సాంబ్రాణి పొగ ఆ ఇంట్లో ఎవరికీ మంచిది కాదు.

పొద్దున ముందు బాబు పని, తర్వాత అత్తమ్మ పని పెట్టుకోండి. ఆమె డైపర్ మార్చిన ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కున్నాకే బాబును ఎత్తుకోవాలి.

ఉత్తరంలో మీ ఆయన ఊసే లేదు. ఆమె ఆయనకు కన్నతల్లి కదా! రాత్రి పదకొండుకు, ఒంటిగంటకు పక్క మార్చేది ఆయన, మూడింటికి మీరు. ఎవరు ఎప్పుడు తిప్పారో మంచం పక్కన క్యాలెండర్ మీద రాసి పెట్టండి.