ఎవరూ పట్టించుకోని ఇంటరప్టు

ప్రశ్న: లినక్స్‌లో మా వైర్‌లెస్ కార్డు కాసేపు పనిచేసి, ‘నోబడీ కేర్డ్’ అన్న సందేశంతో ఆగిపోతోంది. డ్రైవర్‌లో తప్పెక్కడ?

జవాబు: ఇంటరప్టు అంటే పరికరం ప్రాసెసర్ దృష్టి కోసం ఒక లైన్‌పై పంపే సంకేతం; దాన్ని అందుకునే డ్రైవర్ ఫంక్షనే హ్యాండ్లర్. ఒక లైన్‌పై వచ్చిన 1,00,000 ఇంటరప్టుల్లో 99,900కు మించి ఏ హ్యాండ్లరూ తనవి అనకపోతే కెర్నల్ (లినక్స్ కేంద్ర భాగం) ఆ లైన్‌నే మూసేస్తుంది. తరచూ కారణం, హ్యాండ్లర్ ఆ ఇంటరప్టును తనదిగా గుర్తించక, స్టేటస్ బిట్‌ను (ఇంటరప్టుకు కారణాన్ని చూపే చిప్‌లోని గుర్తును) క్లియర్ చేయకుండా వదిలేయడం. అప్పుడు చిప్ ఆ లైన్‌పై సంకేతాన్ని ఆపకుండా ఇస్తూనే ఉంటుంది.

హ్యాండ్లర్‌లో ముందు ఆ బిట్లుండే స్టేటస్ రిజిస్టర్ చదవండి. సున్నా అయితే ఆ ఇంటరప్టు లైన్ పంచుకున్న వేరే పరికరానిది. ‘ఐఆర్‌క్యూ నన్’ (ఇది నాది కాదు) అని తిరిగివ్వండి. అన్ని బిట్లూ 1 అయితే కార్డు బస్‌పై (పరికరాలను ప్రాసెసర్‌తో కలిపే దారిపై) అందుబాటులో లేనట్టే. మనదైతే బిట్లు క్లియర్ చేసి, చిప్‌లో ఇంటరప్టులు మాస్క్ చేసి (తాత్కాలికంగా ఆపి), ప్యాకెట్ల పనిని నాపీకి (ప్యాకెట్లను విడతలవారీగా పోల్ చేసి, అంటే తానే అడిగి తీసుకునే కెర్నల్ ఏర్పాటుకు) అప్పగించండి. మాస్క్ రాశాక అదే రిజిస్టర్‌ను ఒకసారి చదవడం మరవద్దు: పీసీఐలో (కార్డు తగిలించే బస్‌లో) రాత వెంటనే చిప్‌ను చేరదు, చదివితేనే చేరినట్టు ఖాయం. పోల్ విడతకు కోటా మామూలుగా 64 ప్యాకెట్లు. అంతకన్నా తక్కువతో పని ముగిస్తేనే మాస్క్ తీయాలి.