450 లీటర్ల పంపు వద్దండి, ముందు వైరు మార్పించండి

మీరు అడిగింది ఇది: 1500 సీసీ పెట్రోలు కారుకు టర్బో వేయిస్తున్నారు, బూస్ట్ (టర్బో ఇంజిన్‌లోకి అదనంగా తోసే గాలి ఒత్తిడి) 1 బార్, 220 హార్స్‌పవర్ కావాలి, రోజూ బెంగళూరు ట్రాఫిక్‌లో నడపాలి. గ్యారేజీవాళ్లు గంటకు 450 లీటర్లు పోసే ఫ్యూయల్ పంపు (ట్యాంకులోంచి ఇంజిన్‌కు పెట్రోలు తోసేది) వేసేద్దాం అంటున్నారు, ఒప్పుకోవాలా అని. ఒప్పుకోకండి. మీకు గంటకు 255 లీటర్లది చాలు.

లెక్క చూడండి. టర్బో ఇంజిన్ ఒక్కో హార్స్‌పవర్‌కు గంటకు దాదాపు 270 గ్రాముల పెట్రోలు తాగుతుందని ట్యూనర్లు అంచనా వేసుకుంటారు. 220కి సుమారు 60 కిలోలు, అంటే 80 లీటర్లు. ఇప్పుడు బంకుల్లో పోసేది ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. అంతే గాలికి ఇథనాల్ ఎక్కువ కావాలి కాబట్టి ఇంకో 8 శాతం వేసుకోండి. పంపు పాతబడితే తట్టుకోవడానికి పావు వంతు అదనం కలిపినా 110 లీటర్ల దగ్గరే ఆగుతుంది.

అయితే డబ్బా మీద రాసిన అంకె మీ కారులో అంతే రాదు. ఫ్యూయల్ రైలులో (ఇంజెక్టర్లకు పెట్రోలు అందించే గొట్టంలో) మామూలుగా 3 బార్ ప్రెషర్ ఉంటుందనుకోండి. బూస్ట్ వచ్చినప్పుడు ఇంజెక్టర్ మూతి దగ్గర గాలి ఎదురు తోస్తుంది కాబట్టి, ఈ ప్రెషర్‌ను అదుపు చేసే రెగ్యులేటర్ దాన్ని 4 బార్‌కు పెంచాలి. ప్రెషర్ పెరిగే కొద్దీ పంపు పోసే పెట్రోలు తగ్గుతుంది. అందుకే కొనేముందు ఫ్లో చార్ట్ అడిగి, 4 బార్ దగ్గర, 13.5 వోల్టుల దగ్గర ఎంత ఇస్తుందో చూడండి. వాల్‌బ్రో 255 లాంటి మంచి పంపు అక్కడ కూడా 200 లీటర్ల పైనే ఇస్తుంది. వాటికి నకిలీలు చాలా ఉన్నాయి, ధర మరీ తక్కువగా చెబితే వదిలేయండి.

నేను దెబ్బ తిన్నది మాత్రం వోల్టేజీ దగ్గర. నా పాత హోండా సిటీకి టర్బో వేయించినప్పుడు 255 పంపు పెట్టించాను, వైరింగ్ మాత్రం కంపెనీదే ఉంచేశారు. డైనోలో, అంటే పవర్ కొలిచే మెషీన్ మీద, అంతా బాగుంది. రెండు నెలల తర్వాత ఒక ఆదివారం పొద్దున నంది హిల్స్ వైపు వెళ్తుంటే, ఫుల్ బూస్ట్‌లో 11.5 చూపించాల్సిన ఏఎఫ్‌ఆర్ మీటరు (పెట్రోలుకు ఎన్ని రెట్లు గాలి వెళ్తోందో చూపేది) 13 దాటి ఇంకా ఎక్కుతోంది, అంటే పెట్రోలు చాలట్లేదు. వెంటనే కాలు తీసేశాను కాబట్టి పిస్టన్లు మిగిలాయి. వెనక సీటు లేపి పంపు ప్లగ్ ఊడదీస్తే, ఒక పిన్ను చుట్టూ తెల్ల ప్లాస్టిక్ మాడి బెల్లం రంగుకు వచ్చింది. మల్టీమీటరు పెట్టి చూస్తే బ్యాటరీ దగ్గర 13.6, పంపు దగ్గర 11 కూడా లేదు. చిన్న పంపు కోసం వేసిన సన్నటి వైరు మీద పెద్ద పంపు లాగితే అంతే మరి. బ్యాటరీ నుంచి ఫ్యూజుతో లావు వైరు లాగి, రిలే పెట్టి, గ్రౌండ్ కొత్తది వేయించాను. కంపెనీ వైరు ఇప్పుడు రిలేను ఆన్ చేయడానికి మాత్రమే.

మార్పు ఎంతో కొలిచి చూశాం. మిగిలిన పెట్రోలును ట్యాంకుకు తిప్పి పంపే రిటర్న్ పైపును ఒక డబ్బాలోకి పెట్టి, బ్యాటరీకి చార్జరు తగిలించి, రెగ్యులేటర్ వాక్యూమ్ నిపిల్‌కు చేతి పంపుతో 1 బార్ గాలి కొట్టి, 30 సెకన్లు పంపు నడిపాం. వైరింగ్ మార్చకముందు లీటరుంబావు వచ్చింది, మార్చాక 1.8 లీటర్లు. 120తో హెచ్చిస్తే గంటకు 150, 216. ఇది గాలి ఆడే చోట, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, పక్కన ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పెట్టుకుని మాత్రమే చేయండి.

450 వేస్తే ఏమవుతుందంటారా? మీ కారుకు రిటర్న్ లైన్ లేదు, రెగ్యులేటర్ ట్యాంకులోనే ఉంది అని రాశారు. అది అంత పెట్రోలును వెనక్కి వదల్లేక ఐడిల్‌లోనే ప్రెషర్ పెరిగిపోతుంది, బండి రిచ్‌గా, అంటే పెట్రోలు ఎక్కువై, నడుస్తుంది. పైగా సిల్క్ బోర్డు జంక్షన్ ట్రాఫిక్‌లో అరగంట నిలబడితే, ఆ పెద్ద మోటారు వేడంతా ట్యాంకులోని పెట్రోలుకే ఎక్కుతుంది. 255కైనా మీరు ట్యాంకు బయట బూస్ట్ రెఫరెన్స్ ఉన్న (బూస్ట్‌తో పాటు ప్రెషర్ పెంచే) రెగ్యులేటర్ పెట్టి, రిటర్న్ లైన్ వేయించుకోవడమే మంచిది.

ఇంకొకటి. ట్యాంకు లోపల పంపుకు తగిలించే ముక్క హోస్ చిన్నదే కదా అని మామూలు ఫ్యూయల్ హోస్ వేస్తారు. అది పెట్రోలులో మునిగి ఉంటే ఉబ్బి పగులుతుంది, ప్రెషరంతా లోపలే పోతుంది, బయటికి ఏమీ కనబడదు. ముక్క మీద 30ఆర్10 అని (పెట్రోలులో మునిగి ఉండేందుకు చేసిన హోస్ గుర్తు) ముద్ర ఉందో లేదో మూత బిగించకముందే మీరే చూసుకోండి. ట్యాంకు కూడా పావు వంతు కంటే తగ్గనివ్వకండి, పంపును చల్లబరిచేది ఆ పెట్రోలే.