ముత్తాత పటాలం బ్యాండులో పనిచేశారా? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా ముత్తాతగారి తండ్రి బ్రిటిష్ పటాలంలో డ్రమ్మర్. తిరుమలగిరిలో 1872లో జరిగిన బాప్తిస్మం సర్టిఫికెట్‌లో ఆ మాట ఉంది కానీ రెజిమెంట్ పేరు లేదు. ఆన్‌లైన్‌లో సైనికుల పింఛను కాగితాలు వెతికితే ఆయన పేరు దొరకలేదు. ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలి?
– పాఠకురాలు, సికింద్రాబాద్

జవాబు: ముందు రెజిమెంట్ తేల్చండి. ఆనాటి సైనిక రికార్డులు చాలావరకు పటాలాల వారీగా కట్టినవే, పేరొక్కటే పట్టుకుని వెతికితే ముందుకు సాగదు. మీ దగ్గరున్న సర్టిఫికెట్ సారాంశం మాత్రమే కావచ్చు. అసలు రిజిస్టరు పేజీ చూడండి, తండ్రి వృత్తి రాసే గడిలో తరచు రెజిమెంట్ నంబరు కూడా ఉంటుంది. ప్రొటెస్టెంట్ చర్చిల రిజిస్టర్ల నకళ్లు మద్రాసు మీదుగా లండన్ చేరేవి. అవి ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ‘ఎన్/2’ వరుసలో ఉన్నాయి, ఫైండ్‌మైపాస్ట్ సైట్‌లో వాటి చిత్రాలు చూడవచ్చు. కుటుంబం కేథలిక్ అయితే ఈ నకళ్లలో ఖాళీలు ఎక్కువ, నేరుగా ఆ చర్చినే అడగండి.

నంబరు దొరికాక ఒక జాగ్రత్త. 1881లో పాత నంబర్లు పోయి ప్రాంతాల పేర్లు వచ్చాయి. ఉదాహరణకు 102వ రాయల్ మద్రాస్ ఫ్యూజిలియర్స్ అప్పుడే రాయల్ డబ్లిన్ ఫ్యూజిలియర్స్ మొదటి బెటాలియన్ అయింది. తర్వాతి కాగితంలో డబ్లిన్ పేరు కనిపించగానే మీవాళ్లు ఐర్లండ్ నుంచి వచ్చారని రాసేసుకోకండి.

ఇక పింఛను కాగితాలు. లండన్ శివార్లలోని క్యూలో, నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్న ‘డబ్ల్యూఓ 97’ వరుస అది (డబ్ల్యూఓ అంటే వార్ ఆఫీస్, బ్రిటిష్ యుద్ధశాఖ). 1883కు ముందు బయటికొచ్చినవారిలో పింఛను పొందినవారి కాగితాలే అందులో చేరాయి. ఉద్యోగంలో ఉండగా చనిపోయినవారు, పారిపోయినవారు, డబ్బు కట్టి విడుదల కొనుక్కున్నవారు, పదీ పన్నెండేళ్ల గడువు ముగించి పింఛను లేకుండా వెళ్లినవారు అందులో కనబడరు. పేరు లేదంటే ఆయన సైన్యంలో లేరని కాదు.

మీకు అసలు ఆధారం మస్టరు పుస్తకాలు, అంటే హాజరు, జీతాల పట్టీలు. పదాతి దళానివి 1877 ప్రాంతం వరకు ‘డబ్ల్యూఓ 12’లో, అక్కడి నుంచి 1898 వరకు ‘డబ్ల్యూఓ 16’లో ఉన్నాయి. 1872లో ఇవి మూడు నెలలకొకటి. బిడ్డ పుట్టిన త్రైమాసికం నుంచి మొదలుపెట్టి వెనక్కి ఆయన పేరు తొలిసారి కనిపించేదాకా, ముందుకు చివరిసారి కనిపించేదాకా వెళ్లండి. పటాలం విడిచిన త్రైమాసికం చివర ఉండే జాబితాలో చాలాసార్లు పుట్టిన ఊరు, పాత వృత్తి, చేరిన తేదీ దొరుకుతాయి. 1868 ప్రాంతం నుంచి వివాహితుల జాబితా కూడా జతచేశారు, భార్య పేరు అక్కడ దొరకవచ్చు.

చాలామంది పొరబడేది ఇక్కడే. డ్రమ్మర్ అనేది జీతపు పట్టీలో విడిగా చూపే హోదా. క్లారినెట్టో కార్నెట్టో వాయించే బ్యాండ్స్‌మన్ మాత్రం చాలా పట్టీల్లో మామూలు ప్రైవేటుగానే ఉంటాడు. కాబట్టి డ్రమ్మర్ల శీర్షిక కింద పేరు లేకపోతే ప్రైవేట్ల వరుసంతా చదవాల్సిందే. అశ్వికదళంలో, ఫిరంగి దళంలో ట్రంపెటర్ అనీ, రైఫిల్ పటాలాల్లో బ్యూగ్లర్ అనీ వెతకండి. ఈ పుస్తకాలు ఎక్కువభాగం ఆన్‌లైన్‌లో లేవు. క్యూకి వెళ్లగలిగినవారు రీడర్ టికెట్ తీసుకుని సొంత కెమెరాతో ఉచితంగా ఫొటోలు తీసుకోవచ్చు, లేదా రుసుము కట్టి నకళ్లు తెప్పించుకోవచ్చు.

ప్రశ్న: మా పూర్వీకుడు పద్నాలుగో ఏట బ్యాండులో చేరాడంటారు. పింఛను కాగితంలో సర్వీసు నాలుగేళ్లు తక్కువ చూపుతోంది. ఇద్దరు వేరువేరు మనుషులా?
– పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: అక్కర్లేదు. పద్దెనిమిదేళ్లలోపు చేసిన సేవను పింఛనుకు లెక్కించేవారు కాదు, మీకు కనబడుతున్న నాలుగేళ్ల తేడా సరిగ్గా దానికి సరిపోతోంది. మస్టరులో ‘బాయ్’ అన్న శీర్షిక కింద కూడా చూడండి. సైనికుడి కొడుకైతే చెల్సీలోని రాయల్ మిలిటరీ ఎసైలమ్‌లో చదివి ఉండవచ్చు, అక్కడి పిల్లలు చాలామంది పటాలం బ్యాండుల్లో చేరారు. దాని ప్రవేశ రిజిస్టర్లు ‘డబ్ల్యూఓ 143’లో ఉన్నాయి. వాటిలో తల్లిదండ్రుల పేర్లు, తండ్రి పటాలం దొరికితే ఒక తరం వెనక్కి వెళ్లినట్టే.

ప్రశ్న: 1840లలో బ్యాండ్‌మాస్టర్. సైనిక రికార్డుల్లో జాడే లేదు.
– పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: సైనికుడు కాకపోయి ఉండవచ్చు. అప్పట్లో అధికారులు తమ జీతాల్లోంచి చందాలు వేసుకుని బ్యాండును పోషించేవారు, పౌరుల్ని, అందులోనూ జర్మన్లను, ఇటాలియన్లను కుదుర్చుకునేవారు. అలాంటివారికి సైనికుడిగా చేరిన కాగితం ఉండదు. సైన్యం నుంచే బ్యాండ్‌మాస్టర్లను తయారుచేయాలని నెలర్ హాల్‌లో సంగీత పాఠశాల పెట్టింది 1857లో. మీరు చర్చి రిజిస్టర్లు, ఆనాటి మద్రాసు పత్రికలు చూడండి.

ప్రశ్న: విజయనగరం కంటోన్మెంటులో మద్రాస్ నేటివ్ ఇన్‌ఫాంట్రీ ఫైఫర్ (చిన్న పిల్లనగ్రోవి వాయించేవాడు). ఈయన క్యూలో దొరుకుతారా?
– పాఠకురాలు, విజయనగరం

జవాబు: క్యూలో వెతకొద్దు. ఆయన ఈస్టిండియా కంపెనీ సైన్యపు మనిషి, ఆ సైన్యపు కాగితాలు బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీస్ రికార్డుల్లో ఉన్నాయి. మద్రాసు సైన్యానిది ‘ఎల్/ఎంఐఎల్/11’ వరుస. తల్లిదండ్రుల్లో ఒకరే యూరోపియన్ అయినవారిని ఫైఫర్లు, డ్రమ్మర్లు, బ్యాండ్స్‌మన్లు, గుర్రాలకు లాడాలు కొట్టేవారుగా తప్ప సైన్యంలోకి తీసుకోకూడదని కంపెనీ 1795లో నిబంధన పెట్టింది. అందుకే దేశీ పటాలాల్లో ఈ పనుల్లో ఆంగ్లో ఇండియన్ క్రైస్తవ కుటుంబాలు ఎక్కువగా కనిపిస్తాయి. వారి పెళ్లిళ్లు, బాప్తిస్మాలు, సమాధులు ‘ఎన్/2’లో నమోదై ఉండే అవకాశముంది. ఇంటిపేరును గుమాస్తా చెవికి వినబడినట్టు రాసి ఉంటాడు, నాలుగైదు స్పెల్లింగులతో వెతకండి.