పచ్చసొన పసుపుగా ఉంటే తప్పా?

సందేహం: ఎగ్స్ బెనెడిక్ట్‌ను (మఫిన్ అనే రొట్టె మీద పోచ్ చేసిన గుడ్డు పెట్టి, పైన సాస్ పోసే వంటకం) ఇంట్లో చేసుకునే పద్ధతి తెలుగులో రాశాను. ‘పచ్చసొనలో నిమ్మరసం వేసి గిలకొట్టాలి’ అన్న వాక్యం చదివి మా అబ్బాయి, ‘పచ్చ అంటే గ్రీన్ కదా, గుడ్డులో గ్రీన్ ఎక్కడుంది? ఎల్లో అని రాయి’ అంటున్నాడు. మార్చాలా? పోచ్ చేసిన గుడ్డును తెలుగులో ఏమనాలి? ఇంతకీ ఈ బెనెడిక్ట్ ఎవరు?
– ఒక పాఠకురాలు

సమాధానం: మార్చకండి. మీ వాక్యం నిక్షేపంలా ఉంది. అబ్బాయిని అనీ లాభం లేదు. గ్రీన్ అంటే పచ్చ అని బడిలో ఒక్క ముక్కలో నేర్పి వదిలేస్తున్నారు. పచ్చ ఒక్క రంగుకే కట్టుబడిన మాట కాదు. అందుకే ఆకుపచ్చ, చిలకపచ్చ, పసుపుపచ్చ అని ముందొక మాట చేర్చి తేల్చుకుంటాం. పచ్చకామెర్లు వచ్చినవాళ్ల కళ్లు ఏ రంగులో ఉంటాయో అబ్బాయినే అడగండి. పసుపు, పసిడి, పసిమి, పసరు, పచ్చి, పసి అన్నీ ఒకే మూలం నుంచి వచ్చినవి. తమిళంలోనూ పచ్చై ఆకుపచ్చే గానీ, పసుంపొన్ మేలిమి బంగారం.

పోతన ఏమన్నాడో చూడండి. భాగవతం ప్రథమ స్కంధంలో, అంపశయ్య మీదున్న భీష్ముడు, తనను చంపడానికి రథం మీంచి దూకిన కృష్ణుణ్ణి తలుచుకుంటాడు. ‘కుప్పించి యెగసిన’ అని మొదలయ్యే సీసంలో, చక్రం పట్టి వస్తున్న వేగానికి ‘పైనున్న పచ్చనిపటము జాఱ’ అంటాడు. అది పీతాంబరం. పీతమంటే పసుపుపచ్చ. అంతకు ముందే ‘త్రిజగన్మోహన’ పద్యంలో ఆ వస్త్రాన్నే ‘ప్రాభాత నీరజబంధు ప్రభమైన చేలము’ అన్నాడు, అంటే పొద్దుటి సూర్యుడి కాంతి గలది. రెండు పద్యాలూ కలిపి చదివితే పచ్చ ఏ రంగో పోతనే చెప్పినట్టయింది. చంపడానికి వస్తున్నవాడి భుజం మీంచి ఉత్తరీయం జారడం చూసింది ఆ భక్తుడి కన్ను. అంత ఉధృతమైన పద్యంలో ఆ చిన్న ‘జాఱ’ దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను. ఇలాంటి మాట చేతిలో ఉండగా ‘ఎల్లో తీసేసి వైట్ తింటున్నా’ అనుకోవడం ఏం బాగుంటుంది?

ఇక సొన. మామిడికాయ తొడిమ విరిస్తే కారేది సొన, జీడిగింజలోదీ సొనే. గట్టిగా ఉడికిన గుడ్డులో కారేదేమీ లేకపోయినా జనం పచ్చసొన అనే అంటున్నారు. నాకు అంతగా మనసొప్పదు గానీ, వాడుకను కాదనలేను. మీ వంటకానికి మాత్రం ఈ మాట అతికినట్టు సరిపోతుంది. గుడ్డు మీద పోసే హాలండేజ్ సాస్ కోసం సొనను వేడినీళ్ల గిన్నె మీద పెట్టి గిలకొడుతూ, కరిగించిన వెన్న కొద్దికొద్దిగా పోస్తారు. వేడెక్కువైతే సొన ముద్దలు కట్టి పాడవుతుంది. గుడ్డు మీద కత్తి ఆనించగానే లోపలి సొన కింది మఫిన్ మీదికి జారాలి.

బెనెడిక్ట్ ఎవరన్నది తేలలేదు. ఇద్దరు బెనెడిక్ట్‌ల కథలున్నాయి, ఇద్దరూ న్యూయార్క్ వాళ్లే. లెమ్యుయెల్ బెనెడిక్ట్ 1894లో వాల్డార్ఫ్ హోటల్లో అడిగి చేయించుకున్నాడని 1942లో ఒక పత్రిక రాసింది. డెల్మోనికోస్ రెస్టారెంటుకు వచ్చే లెగ్రాండ్ బెనెడిక్ట్ దంపతుల పేరని మరో కథ. అక్కడి వంటపెద్ద రాన్‌హోఫర్ 1894 నాటి తన పుస్తకంలో దీన్ని ‘బెనెడిక్’ అనే రాశాడు.

పోచ్ అన్నదానికి మన వంటింట్లో మాట లేకపోలేదు. మరుగుతున్న చింతపండు పులుసులోకి గుడ్లు పగలగొట్టి జార్చి, గరిటె పెట్టకుండా మూతపెడితే ‘కొట్టి పోసిన గుడ్ల పులుసు’. మీరు పులుసుకు బదులు కాస్త వెనిగర్ కలిపిన నీళ్లు పెడుతున్నారు, అంతే. కాబట్టి ‘నీళ్లలో కొట్టి పోసిన గుడ్డు’ అనొచ్చు. ఈ పులుసు ఎరగనివాళ్లు గిలకొట్టి పోసిన అట్టనుకునే ప్రమాదం ఉంది. మొదటిసారి ఇలా రాసి, తర్వాత పోచ్ అన్నా నాకు అభ్యంతరం లేదు.