‘ఆగే వేగం’లో ఆగేది ఏది?

సందేహం: నా కారుకు కామ్‌షాఫ్ట్ (ఇంజను వాల్వులను తెరిచే ఇరుసు) మార్చి, ఎగ్జాస్ట్‌లో చిన్న మార్పులు చేయించాను. అలాంటి కారుకు టార్క్ కన్వర్టర్ (ఆటోమేటిక్ కారులో ఇంజను బలాన్ని ద్రవం ద్వారా గేర్‌బాక్సుకు అందించే భాగం) ఎలా ఎంచుకోవాలో తెలుగులో వ్యాసం రాస్తున్నాను. టార్క్ కన్వర్టర్‌ను ‘బలభ్రామక పరివర్తకం’ అనీ, స్టాల్ స్పీడ్‌ను ‘ఆగే వేగం’ అనీ అన్నాను. ‘ఈ కన్వర్టర్‌కు ఆగే వేగం 2500’, ‘ఆగే వేగం ఎక్కువ ఉన్నదే మెరుగు’, ‘స్టేటర్ ద్వారా ద్రవం మళ్లించబడుతుంది’ – ఈ వాక్యాలు సరైనవేనా? (ఒక పాఠకుడు)

సమాధానం: బలభ్రామకం పాఠ్యపుస్తకాల్లో ఉన్న మాటే. తప్పు పట్టను. కానీ టార్కు పరాయిది, సంస్కృత సమాసమైతే మనింటిది అన్న లెక్కతో దాన్ని తెచ్చి ఉంటే ఆ లెక్క నాకు నచ్చదు. టార్కుకు మూలం లాటిన్‌లోని ‘తోర్క్వేరె’, అంటే మెలితిప్పడం. ఇంగ్లిషులో చిత్రహింసకు పేరైన టార్చర్, మెలిపెట్టిన వత్తి వల్ల పేరొచ్చిన టార్చి, ఉన్నదాన్ని వంకర తిప్పే డిస్టార్షన్ అన్నీ ఆ ధాతువు పిల్లలే. ఆ కుటుంబానికే చెందిన సంస్కృత పదం ‘తర్కువు’. అంటే నూలు వడికే కదురు! వేళ్లతో మెలితిప్పి వదిలితే గిర్రున తిరిగేది కదురు. ఇరుసును మెలితిప్పేది టార్కు. ‘తర్కం’ కూడా ఇక్కడిదేననీ, విషయాన్ని అటూ ఇటూ తిప్పి చూడటమే తర్కమనీ కొందరు పండితులు అన్నారు. అందరూ ఒప్పుకోలేదు గానీ నాకు ఆ ఊహ ముచ్చటగానే ఉంటుంది. ఇక కన్వర్టరులోని లాటిన్ ‘వెర్తెరె’ (తిప్పడం) మన ‘వృత్’ ధాతువుకు తోబుట్టువు. ఆవర్తనం, పరివర్తనం అందులోంచి వచ్చినవే. మీరు తోసేసిన కన్వర్టరూ, నెత్తికెత్తుకున్న పరివర్తకమూ దగ్గరి చుట్టాలన్నమాట.

అచ్చ తెలుగే కావాలంటే తర్కువు కాదు, కదురు మనది. తమిళంలో అది ‘కదిర్’. మెలి, పురి కూడా మనవే. ‘మెలిపెంపు’ అని ఒక మాట కట్టవచ్చు. కట్టవచ్చు గానీ, వాడేదెవరు?

‘ఆగే వేగం’ దగ్గర మాత్రం అడ్డు చెప్పక తప్పదు. మన ధాతుజ విశేషణం పొదుపరి. ‘వచ్చే మనిషి’లో వచ్చేది మనిషే, ‘వచ్చే దారి’లో దారి ఎక్కడికీ రాదు. ఆ తేడా సందర్భాన్ని బట్టి తెలియాలి. ‘ఆగే వేగం’లో ఆగేది వేగమా, ఇంజనా, కారా? ఇంజను ఆగిపోవడాన్నీ స్టాల్ అనే అంటారు కనక చదువరి ముందు అదే అనుకుంటాడు. నిజానికి ఇక్కడ ఆగి ఉన్నది టర్బైను, అంటే కన్వర్టరులో గేర్‌బాక్సు వైపున్న రెక్కల చక్రం. ఇంజను వైపున్న చక్రం, ఇంపెల్లరు, ఇంజనుతో పాటు తిరుగుతూ ద్రవాన్ని విసురుతుంది. ఆ దెబ్బకు తిరగాల్సిన టర్బైనును కదలనివ్వకుండా పట్టి ఉంచి యాక్సిలరేటరు పూర్తిగా తొక్కితే, ఇంజను ఒక వేగానికి చేరి ఇక పెరగలేకపోతుంది. అప్పుడు నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో అది స్టాల్ స్పీడు. మీ అనువాదం చదివినవాడు 2500 దాటితే తప్ప కారు కదలదనుకుంటాడు. పెడల్ మెల్లగా తొక్కితే అంతకు చాలా ముందే కదులుతుంది. స్టాల్‌కు కొట్టం, అంగడి అన్న అర్థాలకు ఇక్కడ పనిలేదు. ‘నిలకడ వేగం’ అని కూడా రాయకండి, అది ఒకే వేగంతో సాగిపోవడం.

అసలు పొరపాటు ‘కన్వర్టర్‌కు’ అనడంలో ఉంది. ఆ ‘కు’ తీసేయండి. స్టాల్ స్పీడు కన్వర్టరు సొంత ఆస్తి కాదు. అదే కన్వర్టరును ఎక్కువ టార్కు ఇచ్చే ఇంజనుకు బిగిస్తే ఆ అంకె పెరుగుతుంది, సుమారుగా టార్కు వర్గమూలం లెక్కన. 2000 దగ్గర నిలిచేది, అక్కడ టార్కు 20 శాతం పెరిగితే దాదాపు 2190 దగ్గర నిలుస్తుంది. కామ్‌షాఫ్టు మార్చినప్పుడు పై వేగాల్లో బలం పెరిగి కింద తగ్గడమూ మామూలే. అప్పుడు అంకె కిందికీ రావచ్చు. కాబట్టి ‘ఈ ఇంజనుతో ఈ కన్వర్టరు స్టాల్ స్పీడు 2500’ అని రాయండి. పెట్టె మీద ఒంటరి అంకె వేసి అమ్మేవాళ్లూ ఈ ‘తో’ను మింగేస్తారు.

‘ఎక్కువ ఉన్నదే మెరుగు’ – దేనికి మెరుగు? ఇక్కడ ‘కి’ కావాలి, సరిగ్గా ఇక్కడే మీరు వదిలేశారు. నిలబడ్డ చోటు నుంచి ఒక్కసారిగా దూకడానికైతే మెరుగే. రోజూ వీధుల్లో తిరగడానికి కాదు. ఇంపెల్లరు తిరిగినంత వేగంగా టర్బైను తిరగకపోవడమే జారుడు. అది ఎక్కువైతే అలా పోయే శక్తి వేడిగా మారి ట్రాన్స్‌మిషన్ ఆయిల్‌ను పాడుచేస్తుంది, ఇంధనమూ వృథా. చిన్న మార్పులు చేసిన కారుకు, కామ్‌షాఫ్టు పట్టు అందుకునే వేగానికి కాస్త పైన స్టాల్ ఉంటే చాలు. కారు బరువు, డిఫరెన్షియల్ నిష్పత్తి, టైర్ల ఎత్తు కూడా లెక్కలోకి వస్తాయి. స్టాల్ పెంచితే ఆయిల్ కూలరు మాట మరవకండి. సాగిపోయేటప్పుడు జారుడు లేకుండా ఇంజనునూ టర్బైనునూ కలిపి పట్టే ‘లాకప్’ ఉంటే మేలు. ఆ మాటను ఒంటరిగా వదలకుండా ‘లాకప్ క్లచ్’ అనండి, లేకపోతే చదువరికి పోలీస్ స్టేషన్ గుర్తొస్తుంది.

‘ద్వారా మళ్లించబడుతుంది’ చదవగానే నాకు చిరాకు వేసింది. ఈ ‘బడు’ జాడ్యం వార్తల్లోంచి వ్యాసాల్లోకి, ఇప్పుడు గేర్‌బాక్సులోకి కూడా వచ్చిందన్నమాట! ‘స్టేటరు ద్రవాన్ని మళ్లిస్తుంది’ అంటే ఏం పోయింది? టర్బైను నుంచి తిరిగొచ్చే ద్రవాన్ని ఇంపెల్లరుకు అనుకూలంగా తిప్పి టార్కును పెంచేది అదే. అంత పని చేస్తున్నదాన్ని కర్తగా నిలబెట్టడానికి వెనకాడతారేం?

నా తీర్పు అడిగితే టార్కు కన్వర్టరు, స్టాల్ స్పీడు అనే రాసి, మొదటిసారి వచ్చినచోట ఒక వాక్యంలో వివరించమంటాను. బడి పిల్లల కోసం రాస్తుంటే బలభ్రామకం పక్కన ఉన్నా అభ్యంతరం లేదు. కన్వర్టర్, కన్వర్టరు రెండూ వాడుకలో ఉన్నాయి. ఇంజను, గేరు, మోటారు ఉకారంతో స్థిరపడ్డాయి కనక నా ఓటు రెండోదానికి. మీకు పొల్లే ఇష్టమైతే వ్యాసమంతా పొల్లుతోనే రాయండి.