లాటిన్ వచ్చినా రాతప్రతి ఎందుకు చదవలేకపోతున్నాం?

ప్రశ్న: మధ్యయుగ యూరప్ సంస్కృతి మీద ఎం.ఏ. చేస్తున్నాను. రెండు సెమిస్టర్లు లాటిన్ నేర్చుకున్నా, 14వ శతాబ్దపు రాతప్రతి ముందు పెడితే ఒక్క పంక్తీ అంతుపట్టడం లేదు. అనువాదాలతో గడిపేయకూడదా?

జవాబు: క్లాసులో చర్చకు అనువాదాలు చాలు. థీసిస్‌కు చాలవండి. అప్పటి భూమి పత్రాలు, కోర్టు చిట్టాలు, జమాఖర్చు లెక్కల్లో చాలా వాటికి అనువాదం మాట అటుంచి, అచ్చుప్రతే లేదు.

మీకు అడ్డం పడుతున్నది లాటిన్ కాదు, లేఖకుల కుదింపులు. చర్మపత్రం ఖరీదైనది కాబట్టి మాటల్ని ముక్కలు చేసి రాసేవారు. 'పి' అక్షరం కాడకు అడ్డగీత ఉంటే 'పెర్', కాడ నుంచి ఎడమకు వంపు తిరిగితే 'ప్రో', నెత్తిన గీత ఉంటే 'ప్రే'. ముందు ఈ మూడూ కంటికి అలవాటు కావాలి.

తర్వాతి చిక్కు గోథిక్ రాతలోని (మధ్యయుగం చివరి శతాబ్దాల్లో వాడిన ఇరుకు రాతలోని) పొట్టి నిలువు గీతలు. 'ఐ'కి ఒకటి, 'ఎన్', 'యు'లకు రెండేసి, 'ఎం'కు మూడు. 'మినిముమ్' అని రాస్తే వరసగా 15 గీతలే కనిపిస్తాయి, 'ఐ' మీద చుక్క కూడా ఉండకపోవచ్చు. అలాంటిచోట పెన్సిల్‌తో గీతలు లెక్కపెట్టి, ఎన్ని రకాలుగా విడగొట్టవచ్చో రాసుకుని, వ్యాకరణానికి పొసిగేది తీసుకోండి. అర్థం ఊహించి దానికి తగ్గట్టు అక్షరాలు చూడటం మొదలైతే తప్పులు మీకే కనపడవు.

14వ శతాబ్దాన్ని కొన్నాళ్లు పక్కన పెట్టి, 9వ శతాబ్దపు కరోలింజియన్ రాతతో మొదలుపెట్టండి. అక్షరాలు విడివిడిగా ఉంటాయి, కుదింపులు తక్కువ. అచ్చుప్రతి ఉన్న గ్రంథాన్నే ఎంచుకోండి. రోజుకు పది పంక్తులు, పంక్తికి పంక్తి ఎత్తిరాయండి. కుదింపుల్ని విప్పి మీరు చేర్చిన అక్షరాలు బ్రాకెట్లో పెట్టండి. 'మిహి' (నాకు) బదులు 'మికి' అని ఉంటే అలాగే ఉంచండి, సరిదిద్దకండి. లేఖకుడి కాలాన్నీ ప్రాంతాన్నీ పట్టిచ్చేవి ఒక్కోసారి ఆ స్పెల్లింగులే. అంతా అయ్యాకే అచ్చుప్రతితో సరిచూడండి.

ప్రశ్న: ఇంగ్లండ్ పత్రంలో 1300 ఫిబ్రవరి 10 అని ఉంటే అలాగే ఉదహరించవచ్చా?

జవాబు: వద్దు. అక్కడ అప్పట్లో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది, 1752లో గానీ జనవరి 1కి మారలేదు. మన లెక్కలో అది 1301. 1300/1301 అని రెండూ ఇవ్వండి.